క్లాత్ డైపర్లు రెండేళ్ళు వాడాక: ఆ గొడ్ల చావిడి వాసన ఎలా వదిలిందంటే

మా వాడికి అప్పుడు ఎనిమిదో నెల. పొద్దున ఆరు కూడా కాలేదు. రాత్రంతా ఉన్న డైపర్ టిచ్ బటన్లు విప్పానో లేదో, ముక్కుకంటే ముందు కళ్ళు మండాయి. గుంటూరు కోడలినై ఆరేళ్ళు. సీజన్‌లో మిర్చి యార్డు ముందు నుంచి స్కూటీ మీద వెళ్ళడం అలవాటే కాబట్టి ఘాటు నాకు కొత్త కాదు. కానీ ఇది ఆ రకం కాదు. తల వెనక్కి లాక్కునేలా చేసే ఉచ్చ కంపు. హాల్లో కాఫీ తాగుతున్న అత్తయ్య అక్కడి నుంచే అడిగారు, "ఏందమ్మాయ్, లోపల గేదెను గానీ కట్టేశారా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఆ డైపర్ ఉతికి ఒక్క రోజే అయింది. ముందురోజు సాయంత్రం దండెం మీద నుంచి తీసి మడత పెట్టేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాను, ఏ వాసనా లేదు. మరి రాత్రికి రాత్రి ఇంత కంపు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు మా వాడికి రెండేళ్ళు దాటి మూడు నెలలు. పగలు డైపర్ మానేశాడు, రాత్రికి మాత్రం ఒకటి వేస్తున్నాం. అంటే రెండేళ్ళ పైగా ఈ గుడ్డలతోనే సంసారం చేశాను. ఏ కంపెనీది మంచిది, ఏ ప్రింటు బాగుంది అని చెప్పే రివ్యూలు బోలెడున్నాయి. నేను రాసేది కంపు గురించే. నాకు తెలిసినవాళ్ళు క్లాత్ డైపర్లు కొని మూలన పడేసింది ఈ కంపు వల్లే. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు.

ముందు నా దగ్గర ఏమున్నాయో చెప్తాను. ఆఫర్‌లో ఒక్కోటి 450 రూపాయల చొప్పున 14 డైపర్లు కొన్నాం, మొత్తం 6,300. పైన వాటర్‌ప్రూఫ్ కవర్, లోపల జేబులా ఉంటే అందులో దూర్చే ప్యాడ్లు రెండేసి. సగం ప్యాడ్లు మైక్రోఫైబర్, సగం వెదురు నార కలిపిన కాటన్. ఇవి కాక మా అమ్మ చీరాల పంచెలు రెండు చింపి, అంచులు కుట్టించి ఇచ్చిన లంగోటీలు ఇరవై. అసలు డైపర్లు వచ్చాక ఆ లంగోటీలను బీరువా అడుగున పెట్టేశాను. ఆ లంగోటీల దగ్గరికి మళ్ళీ వస్తాను.

మొదటి మూడు నెలలు విజయవాడలో అమ్మ దగ్గరే ఉన్నాను. భవానీపురంలో ఇల్లు. వాడు తాగేది పాలే, కట్టేది ఆ పంచె గుడ్డలే. అమ్మ మున్సిపల్ కుళాయి నీళ్ళతో ఉతికి మేడ మీద ఆరేసేది. వాసన అన్న మాటే లేదు. పసిపిల్లల ఉచ్చకు వాసన ఉండదేమో అనుకున్నాను. గుంటూరు వచ్చాక కూడా ఐదో నెల దాకా బాగానే గడిచింది. అన్నప్రాశన అయిన నెల నుంచి మొదలైంది. దాంతో తప్పు తిండిదనుకున్నాను. ఉగ్గు మార్చాం, పప్పు తగ్గించాం. పాపం వాడు కడుపు మాడ్చుకున్నాడే తప్ప కంపు తగ్గలేదు.

ఆ తరవాత మా ఇంట్లో జరిగిన ప్రయోగాలు వినండి.

మొదటిది అత్తయ్యది. వాడికి నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోశాక సాంబ్రాణి ధూపం వేస్తారు కదా. అదే బుట్ట కింద ఆరిన డైపర్లు కూడా పరిచారు. ఆ రోజు మధ్యాహ్నం వాడు తడపగానే వచ్చిన వాసన ఎలా ఉందంటే, గుడి పక్కన గొడ్ల చావిడి ఉంటే ఎలా ఉంటుందో అలా. సాంబ్రాణి పైపైన ఉంది, కంపు కంపులానే ఉంది. అత్తయ్యే ముక్కు మూసుకుని "వద్దులే" అన్నారు.

రెండోది కుంకుడుకాయలు. పిల్లల చర్మానికి మంచిదని, రసాయనాలు ఉండవని చాలామంది చెప్తారు. నేనూ నమ్మాను. రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, వడకట్టి, ఆ రసంతో నెల రోజులు ఉతికాను. తలకు కుంకుడుకాయ బంగారమే, కాదనను. కానీ రాత్రంతా ఉచ్చలో నానిన మూడు పొరల ప్యాడ్‌కి ఆ బలం సరిపోదు. నెల తిరిగేసరికి వాసన రాత్రి డైపర్ల నుంచి పగటి డైపర్లకీ పాకింది.

మూడోది నా తెలివి. బట్టలు మెత్తగా, ఘుమఘుమలాడేలా చేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ ఒక మూత పోశాను. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ లిక్విడ్ నార మీద సన్నటి పొరలా పట్టుకుంటుంది. మెత్తదనం వచ్చేది ఆ పొర వల్లే. ప్యాడ్ పని తడి పీల్చుకోవడం, పొర పట్టాక అది పీల్చుకోదు. తామరాకు మీద నీళ్ళలా ఉచ్చ పైనే జారి తొడల పక్క నుంచి కారిపోయింది. అప్పటిదాకా కంపు ఒక్కటే, ఇప్పుడు లీకేజీ కూడా.

బేకింగ్ సోడా కూడా చల్లాను. ఒక పూట కాస్త తగ్గినట్టు అనిపించేది, మరుసటి రోజు మామూలే.

ఇక్కడ డైపర్లతో పాటు వచ్చిన కాగితం గురించి చెప్పాలి. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఇలాంటి సలహా చాలామంది ఇస్తుంటారు. "డిటర్జెంట్ చాలా కొద్దిగా, అర చెంచాకి మించకుండా వాడండి, లేకపోతే గుడ్డలో పేరుకుంటుంది" అని ఉంది. అక్షరం పొల్లు పోకుండా పాటించాను. పది డైపర్లు, ఇరవై ప్యాడ్లు, అర చెంచా సర్ఫు. మన ఇంట్లో చెమట చొక్కాలకే రెండు స్కూపులు వేస్తాం, ఉచ్చ గుడ్డలకి అర చెంచా ఎలా సరిపోతుందని ఒక్కరోజైనా ఆలోచించలేదు. పిల్లాడి విషయంలో భయం ముందుంటుంది, బుద్ధి వెనక నడుస్తుంది.

సంక్రాంతికి విజయవాడ వెళ్ళాం. డైపర్ల సంచి విప్పగానే అమ్మ మొహం అదోలా పెట్టి, అన్నీ కుళాయి కింద టబ్బులో పడేసింది. ఇంకా సర్ఫు వేయలేదు. చేత్తో నాలుగుసార్లు పిసికిందో లేదో నురగ వచ్చింది. తెల్లగా, చిక్కగా, పాలు పొంగినట్టు.

"ఇంత సబ్బు వదిలేసి ఆరేస్తావా?" అంది.

"అర చెంచానే వేస్తానమ్మా!"

"మరి ఇదెక్కడిది?"

నా దగ్గర సమాధానం లేదు. అమ్మ నాలుగుసార్లు జాడించి, మామూలుగా బట్టలకి వేసినంత సర్ఫు వేసి, వేడినీళ్ళలో ఉతికి ఆరేసింది. పండగ ఐదు రోజులూ రాత్రి డైపర్ విప్పితే మామూలు ఉచ్చ వాసన, అంతే. కళ్ళు మండలేదు. గుంటూరు వచ్చిన పది రోజులకి మళ్ళీ గేదె వచ్చింది.

పిల్లాడు వాడే, తిండి అదే, గుడ్డలు అవే. మారింది నీళ్ళు, సర్ఫు. అప్పటికి కూడా సర్ఫే అనుకున్నాను. నీళ్ళ సంగతి తెలిసింది ఆర్వో మెషీన్‌కి ఫిల్టర్ మార్చడానికి వచ్చిన అబ్బాయి వల్ల.

మాది కొరిటెపాడు వైపు అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వాడుకకి బోరు నీళ్ళు. మున్సిపల్ నీళ్ళు పొద్దున కాసేపు కింద సంపులోకి వస్తాయి, అవి వంటకి. తాగే నీళ్ళ ఆర్వో బోరు కుళాయికే ఉంది. కుళాయిల మీద తెల్లగా సున్నం పెచ్చు కడుతుంది, గీజర్ రెండేళ్ళకోసారి మొరాయిస్తుంది, ఇవన్నీ మామూలే అనుకుంటాం. ఆ అబ్బాయి నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతో చూపే టీడీఎస్ మీటర్ బయటికి తీసి ఒక్కో చోటా ముంచి చూపించాడు. ఆర్వో నీళ్ళు 60. బోరు కుళాయి 1,120. పక్కనే బాల్కనీలో ఉన్న నీలం బకెట్‌లో ముంచాడు. 1,640.

ఆ నీలం బకెట్ ఏంటంటే, ఆర్వో నుంచి బయటికి పోయే వేస్టు నీళ్ళు. అత్తయ్య ఒక్క చుక్క పోనివ్వరు. మంచి అలవాటే. ఆ నీళ్ళతో గచ్చు కడుగుతాం, బాత్రూంలో పోస్తాం. నేనేమో ఇన్ని నెలలుగా ఉచ్చ డైపర్లు నానబెడుతున్నది ఆ బకెట్‌లోనే! బోరు నీళ్ళలో ఉన్న ఉప్పంతా వడగట్టి చిక్కబరిచి ఆ పైపులోంచి వదులుతుంది ఆర్వో. గుంటూరులోకెల్లా ఉప్పగా ఉండే నీళ్ళు వెతికి మరీ పిల్లాడి గుడ్డలు నానబెట్టినట్టయింది.

స్కూల్లో చదివిన కఠిన జలం పాఠం అప్పుడు గుర్తొచ్చింది. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన అన్ని ఉప్పుల లెక్క, కఠినత్వం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియంల వాటా. రెండూ ఒకటి కాదు, కానీ మా బోరులో రెండూ దండిగానే ఉన్నాయని కుళాయి మీది పెచ్చు చూస్తేనే తెలుస్తుంది. తాగునీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు, కఠినత్వం 200 దాటకుండా ఉంటే మంచిది. వేరే దిక్కు లేకపోతే 2,000, 600 దాకా ఒప్పుకుంటారు. తాగే నీళ్ళకి లెక్క ఉంది గానీ ఉతికే నీళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఆ కాల్షియం, మెగ్నీషియం ఏం చేస్తాయంటే, సబ్బు పని మొదలుపెట్టకముందే దాన్ని పట్టేసుకుంటాయి. సగం సబ్బు వాటికే ఖర్చయిపోతుంది. సబ్బూ సున్నమూ కలిసి జిగటగా ప్యాడ్ లోపలి పొరల్లో పేరుకుంటాయి. ఆ జిగటలో ఉచ్చ, నూనె, క్రిములు అన్నీ ఇరుక్కుంటాయి. ఉచ్చలో ఉండే యూరియాకి అంత వాసన ఉండదు. దాన్ని ఈ క్రిములు విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. కళ్ళు మండించింది అదే. ఉతికి ఆరేసిన గుడ్డలో వాసన లేదంటే క్రిములు లేవని కాదు, వాటికి పని లేదని. వాడు తడపగానే పని మొదలుపెడతాయి. అమ్మ కుళాయి కింద తేలిన ఆ నురగ కూడా నెలల తరబడి ఇలా పేరుకుని, ఉప్పు తక్కువున్న నీళ్ళు తగలగానే వదిలిన సబ్బే అనుకుంటాను.

కంపులో రెండు రకాలున్నాయని నాకు అర్థమైంది. తడిపిన పది నిమిషాలకే గొడ్ల చావిడి వాసన వస్తే ఉతుకు సరిగ్గా లేదని అర్థం, గుడ్డ లోపల పాత సరుకు ఉంది. పగలంతా బాగుండి, తెల్లారి విప్పినప్పుడు మాత్రమే ఘాటు వస్తే అది పన్నెండు గంటలు నిలవున్న ఉచ్చ సంగతి. రెండోదానికి భయపడక్కర్లేదు, వెంటనే జాడిస్తే చాలు. నాకు రెండూ కలిసి ఉన్నాయి.

ఇక అసలు శుద్ధి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెట్టుకున్నాం. పొద్దున మున్సిపల్ నీళ్ళు వచ్చే టైమ్‌కి మా ఆయన సంపు దగ్గర నుంచి ఆరు బకెట్లు మూడో అంతస్తుకి మోశారు. ఆ రోజే లిఫ్ట్ రిపేరు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ప్యాడ్లనీ లంగోటీలనీ మాత్రమే తీసుకున్నాను. కవర్లు పక్కన పెట్టాను, మరీ వేడినీళ్ళకి వాటి లోపలి వాటర్‌ప్రూఫ్ పొర ఊడిపోతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది. ప్యాడ్లు ముందే ఒకసారి ఉతికి ఉన్నవి. మురికి గుడ్డలతో ఇది చేయకూడదు. పెద్ద టబ్బులో గీజర్ ఇచ్చినంత వేడినీళ్ళు పోసి, ముందు మూడు పెద్ద చెంచాల బట్టల సోడా కలిపి ఐదు నిమిషాలు ఆగాను. బట్టల సోడా అంటే వంట సోడా కాదు. ఆవిడ చెల్లెలు అనుకోండి, కానీ ఈవిడ చేయి గట్టి. కిరాణా కొట్లో "బట్టలకి" అని గట్టిగా చెప్పి అడగండి, లేకపోతే తినే సోడా కట్టిస్తారు. నీళ్ళలోని కాల్షియాన్ని సోడా ముందే పట్టేసుకుంటే సబ్బు మిగులుతుంది, అందుకే ఆ ఐదు నిమిషాలు. తరవాత మూడు స్కూపుల సర్ఫు. సోడా చేతుల్ని పొలుసుబారేలా చేస్తుంది, గ్లౌజులు వేసుకోండి.

మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళి చూద్దును కదా, టబ్బులో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. మాట వరసకి అనట్లేదు, గేదెలకి పెట్టే కుడితి రంగే. బూడిద కలిసిన గోధుమరంగు, పైన జిడ్డు తెట్టు. కర్రతో కలిపితే అడుగు నుంచి ఇంకా లేచింది. ఉతికి, ఆరేసి, మడత పెట్టి, పిల్లాడి ఒంటికి కట్టిన గుడ్డలవి. అత్తయ్య వచ్చి చూసి ఏమీ అనలేదు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాడి వైపు చూశారు. ఆ తెట్టు చాలావరకు నూనె. రోజూ ఒంటికి పట్టించే నువ్వుల నూనె, ఒరుసుకుపోయిన చోట రాసిన కొబ్బరి నూనె, జింకు క్రీము, అన్నీ ప్యాడ్లలోకే దిగాయి.

నీళ్ళు చల్లారాక పారబోసి, ఇంకోసారి అంతే చేశాను. రెండోసారి నీళ్ళు పల్చటి టీ రంగు. ఆ తరవాత మెషీన్‌లో సబ్బు లేకుండా రెండుసార్లు జాడించాను. మరుసటి వారం మైక్రోఫైబర్ ప్యాడ్లను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో ఒక గంట పెడితే సన్నగా బుడగలు వచ్చాయి. లోపల ఇంకా సున్నం ఉందన్నమాట. నిమ్మ ఉప్పు అదే పనిగా వాడితే ఎలాస్టిక్ పాడవుతుంది. నేను ఏడాదికి రెండుసార్లు ప్యాడ్లకి మాత్రమే వాడాను.

బ్లీచింగ్ సంగతి జాగ్రత్తగా చదవండి. నేను శుద్ధి చేసిన పద్ధతిలో బ్లీచ్ చివరి అడుగు: బాగా ఉతికి, ఉచ్చ వాసన పూర్తిగా పోయిన గుడ్డలకి, చల్లటి నీళ్ళలో, సీసా మీద రాసిన కొలత ప్రకారం అరగంట. ఆ తరవాత మళ్ళీ సర్ఫుతో ఒక ఉతుకు. మా ఆయన సాయం చేద్దామనుకుని ఒక పొద్దున రాత్రి డైపర్లున్న బకెట్‌లోనే, జాడించకుండా, నేరుగా బ్లీచ్ వంచేశారు. రెండు నిమిషాల్లో బాత్రూం నుంచి దగ్గుకుంటూ బయటికొచ్చారు. కళ్ళు ఎర్రగా అయ్యాయి, గొంతు పట్టేసింది. అమ్మోనియా, బ్లీచ్ కలిస్తే క్లోరమిన్ అనే విషవాయువు వస్తుంది. బ్లీచ్‌లో నిమ్మ ఉప్పో వెనిగరో కలిస్తే క్లోరిన్ వస్తుంది, అదీ ప్రమాదమే. తలుపులూ కిటికీలూ తీసేసి, పిల్లాడిని కింద పోర్షన్ వాళ్ళింట్లో గంట కూర్చోబెట్టాం. బ్లీచ్‌ని దేంతోనూ కలపకండి, ఉచ్చ ఉన్న గుడ్డ మీద పోయకండి. కుదరదనుకుంటే అసలు వాడకండి. సోడా, వేడినీళ్ళు, ఎండ మూడూ ఉంటే నూటికి తొంభై ఇళ్ళలో దాని అవసరం రాదని నా అభిప్రాయం.

అప్పటి నుంచి రోజువారీ పద్ధతి ఇదే, ఏడాదిన్నరగా మార్చలేదు. రాత్రి డైపర్ విప్పిన నిమిషంలోనే కుళాయి కింద పెట్టి పిండుతాను, పసుపు నీళ్ళు పోయి తేటగా వచ్చేదాకా. అమ్మోనియా నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది, సగం కంపు అక్కడే కాలువలో పడుతుంది. ఈ ఒక్క పని ఎగ్గొడితే మిగతావి ఎన్ని చేసినా దండగ. పిండినవి మూత లేని ప్లాస్టిక్ బుట్టలో పడేస్తాను. మూత బకెట్‌లో దాస్తే లోపలే పులిసిపోతాయి. రోజు విడిచి రోజు మెషీన్ వేస్తాను. మూడో రోజుకి వెళ్ళనివ్వను. ముందు సోడా చెంచాతో పావుగంట ఉత్త ఉతుకు, ఆ నీళ్ళు వదిలేసి, మళ్ళీ సోడా, పూర్తి కొలత సర్ఫు, వేడినీళ్ళతో అసలు ఉతుకు. లిక్విడ్ కంటే పొడే మా నీళ్ళకి బాగా పనిచేసింది. ఆఖరి జాడింపుకి రెండు బకెట్లు మున్సిపల్ నీళ్ళు. మాది 6.5 కిలోల టాప్‌లోడ్, కాబట్టి మూత తీసి పైనుంచి పోయడం కుదురుతుంది. ఫ్రంట్‌లోడ్ వాళ్ళకి ఈ వీలు లేదు, నీళ్ళూ తక్కువ తీసుకుంటుంది. వాళ్ళు ఇంకోసారి జాడింపు పెట్టుకోవాలి.

పరీక్ష కూడా తేలికే. మెషీన్‌లోంచి తీసిన తడి ప్యాడ్‌ని, ఆరకముందే, ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చండి. ఆరిన గుడ్డ అబద్ధం చెప్తుంది, తడి గుడ్డ చెప్పదు. ఆరాక ప్యాడ్ అప్పడంలా బిర్రుగా ఉంటే సున్నం మళ్ళీ పడుతోందని గుర్తు.

ఎండ విషయంలో మనం అదృష్టవంతులం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మా మేడ మీద మూడు పొరల ప్యాడ్ గంటన్నరలో ఎండిపోయేది. పసుపు మరకలు కూడా ఎండకి వాటంతటవే వెలిసిపోతాయి, ఆవపిండి రంగు మరక సాయంత్రానికి కనిపించదు. కానీ ఎండ ఒక్కటే సరిపోదు. పై పొర కాలుతుందే తప్ప లోపలి జిగట కదలదు. కవర్లు మాత్రం నీడలోనే ఆరేయండి. మొదటి ఏడాది మే నెల ఎండకి నావి నాలుగు కవర్ల ఎలాస్టిక్ చచ్చిపోయింది.

వానాకాలం వేరే కథ. జులై, ఆగస్టుల్లో ప్యాడ్ ఆరడానికి రెండు రోజులు పట్టేది, వాటికి ముక్కిన వాసన. అది ఉచ్చ కంపు కాదు, చెమ్మ వాసన. ఆ రెండు నెలలు నన్ను కాపాడింది బీరువా అడుగున పడేసిన అమ్మ లంగోటీలు. ఒంటి పొర గుడ్డ, ఉతికేటప్పుడు విప్పితే చాపలా పరుచుకుంటుంది, సబ్బూ నీళ్ళూ అంతటా తగులుతాయి. ఫ్యాన్ కింద రాత్రికి ఆరిపోతుంది. మడత పెట్టి కవర్‌లో దూరిస్తే ఏ ప్యాడ్‌కీ తీసిపోదు. ఇన్నేళ్ళలో వాటికి ఒక్కసారీ గొడ్ల చావిడి వాసన పట్టలేదు. వేలు పోసి కొన్నవాటికంటే చింపిన పంచె గెలిచిందని అమ్మకి చెప్పలేదు, చెప్తే ఇక ఆగదు.

ప్యాడ్ల విషయంలో తీర్పు చెప్పమంటే: మైక్రోఫైబర్ త్వరగా ఆరుతుంది, త్వరగా కంపు పడుతుంది. అది పాలిస్టరు, నూనెని వదలదు. ఇప్పుడు కొంటే ఒక్కటి కూడా తీసుకోను. వెదురు కాటన్ బాగా పీలుస్తుంది, ఆరడానికి ఏడిపిస్తుంది. రాత్రికి అదే మేలు. పగటికి ఉత్త కాటన్ గుడ్డ.

ఒరుసుకుపోవడం గురించి చాలామంది అడుగుతారు. తొమ్మిదో నెలలో వాడికి తొడల సందున ఎర్రగా కంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. అమ్మోనియా చర్మాన్ని కొరుకుతుంది, తడిగుడ్డ ఎక్కువసేపు ఉంచొద్దు, రోజుకి కొన్ని గంటలు ఏమీ కట్టకుండా వదిలేయండి అన్నారు. రాత్రి రెండింటికి లేచి ఒకసారి మార్చడం అప్పుడు మొదలుపెట్టాను. ఎర్రదనం తగ్గింది. శుద్ధి చేశాక మళ్ళీ అంత గట్టిగా రాలేదు.

లోపాలు కూడా చెప్పాలి కదా. పని ఎక్కువ. ఉద్యోగానికి వెళ్తూ ఇంట్లో ఇంకో మనిషి లేకుండా ఇదంతా చేయడం కష్టం. నాకు అత్తయ్య, మా ఆయన ఉన్నారు కాబట్టి నడిచింది. ఊరెళ్తే మామూలు డైపర్లే వాడాను, అందులో సిగ్గేమీ లేదు. సోడా, పొడి, గీజర్ కరెంటు కలిపితే ఊరికే ఏమీ రాలేదు. అయినా లెక్కేస్తే మిగిలింది. ఎంత అన్నది మీ నీళ్ళ మీద ఆధారపడి ఉంటుంది.

అన్నట్టు, అత్తయ్య ఆర్వో నీళ్ళు పట్టడం మానలేదు. నీలం బకెట్ మీద మార్కర్‌తో "డైపర్లకి కాదు" అని రాసి పెట్టారు, పిల్లాడికి డైపర్లు దాదాపు మానేస్తున్న ఈ టైమ్‌లో.

మా ఆడపడుచుకి ఇప్పుడు ఏడో నెల. పోయిన వారం వచ్చినప్పుడు తొమ్మిది కవర్లు, వెదురు ప్యాడ్లు, లంగోటీలన్నీ సంచిలో పెట్టి ఇచ్చాను. సంచి విప్పి, ఒక ప్యాడ్ తీసి, ఏమీ అడగకుండా బాత్రూంలోకి వెళ్ళి కుళాయి కింద తడిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. తిరిగొచ్చి "వదినా, ఇవి నావే" అని సంచి మూతి కట్టేసింది. మైక్రోఫైబర్‌వి ఇవ్వలేదు. వాటితో మా ఆయన బండి తుడుచుకుంటున్నారు.